అమ్మకి ఐరన్ ఎక్కించడానికి రాత్రి ఉండక్కర్లేదు

తమ్ముడూ, రాయగడ నుంచి అమ్మని విశాఖ తీసుకెళ్లి ఐరన్ ఎక్కించమన్నారు, అడ్మిట్ చేయాలా అని అడిగావు కదా. మామూలుగా అక్కర్లేదు, డే కేర్‌లోనే, అంటే అదే రోజు ఇంటికి పంపేసే వార్డులో, కుర్చీలో కూర్చోబెట్టి ఎక్కించేస్తారు.

వెళ్లగానే బీపీ చూస్తారు, ఇంతకుముందు ఏ మందైనా పడలేదా అని అడుగుతారు, అది దాచొద్దు. ఆ మందు టీ డికాషన్ రంగులో ఉంటుంది, ముందే చెప్పి ఉంచు, మా అత్త అయితే బాటిల్ చూసి లేచి వచ్చేయబోయింది. ఐరన్ మందుల్లో ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే రకం రాస్తే 1000 మిల్లీగ్రాములు కూడా 15 నిమిషాల్లో ఎక్కుతుంది, అదే ఐరన్ సుక్రోజ్ అయితే కొంచెం కొంచెంగా చాలాసార్లు తిరగాలి, కాబట్టి చీటీలో ఏది రాశారో చూసుకున్నాకే రైలు టికెట్లు తీయించు.

సూది దగ్గర మంట, వాపు ఉంటే ఓర్చుకోకుండా వెంటనే నర్సుకి చెప్పమను, మందు చర్మం కిందకి కారితే గోధుమరంగు మచ్చ నెలల తరబడి పోదు. దురద, దద్దుర్లు, ఆయాసం వచ్చినా అంతే. అయ్యాక ఓ అరగంట కూర్చోమంటారు, బండి టైమైపోతోందని ఎగ్గొట్టొద్దు.

టిఫిన్ తినే వెళ్లండి. శాలువా మర్చిపోకు, లోపల ఏసీ చలి చంపేస్తుంది.