బరంపురంలో తెలుగు విల్లు, ప్రొబేట్ తప్పదా? మా ఇంట్లో జరిగింది చెబుతాను

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: నాన్నగారు బరంపురంలో పోయారు, తెలుగులో చేత్తో రాసిన విల్లు ఉంది, రిజిస్టర్ చేయించలేదు, ఇల్లు ఇక్కడ, రెండెకరాలు ఆంధ్రాలో ఇచ్ఛాపురం వైపు, ప్రొబేట్ (విల్లు నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువపత్రం) లేకపోతే ఆ కాగితం చెల్లదని ఎవరో భయపెట్టారు. ముందు ఆ టెన్షన్ వదిలెయ్యండి. రిజిస్టర్ చెయ్యకపోయినా విల్లు విల్లే, ఆయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు సరిగ్గా ఉండాలి, అంతే.

ఇక ప్రొబేట్ సంగతి. మన దగ్గర ఇదో వింత లెక్క. 1925 నాటి వారసత్వ చట్టంలో 213వ సెక్షను అని ఉండేది, హిందువుల విల్లులకు ప్రొబేట్ తప్పనిసరి అన్నది ఒకప్పటి బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ ఏలుబడిలోని ప్రాంతాలకూ, మద్రాసు, బొంబాయి నగరాలకూ మాత్రమే. కటక్, పూరీ, బాలాసోర్ అప్పుడు బెంగాల్ కింద ఉండేవి. మన బరంపురం ఉన్న గంజాం, ఇంకా కొరాపుట్ 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోవి, కానీ మద్రాసు నగరం కాదు, అందుకని మనం ఆ నిర్బంధం నుంచి తప్పించుకున్నాం. ఒకే ఒడిశాలో మా నాన్న ఇంటికి అక్కర్లేదు, చిన్నాన్న కటక్‌లో కొన్న ఇంటికి కావాల్సి వచ్చేది! ఎప్పుడో తెల్లవాళ్లు గీసిన గీత ఇన్నాళ్లూ మన నెత్తిమీద ఉంది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ సెక్షన్నే తీసేసింది కాబట్టి ఇప్పుడు తప్పనిసరి అన్న మాట ఎవరు చెప్పినా పాత పాటే.

మరి మేమెందుకు కోర్టుకెక్కాం అంటారా? మా అప్ప, అంటే అక్క, ఒప్పుకోలేదు. మ్యుటేషన్‌కి, అంటే రికార్డుల్లో పేరు మార్చమని, దరఖాస్తు పెడితే ఆమె అభ్యంతరం రాసిచ్చింది, దాంతో తహసీల్ ఆఫీసులో కోర్టు కాగితం తెమ్మన్నారు. నాన్న విల్లులో ఎగ్జిక్యూటర్ (విల్లు అమలు చేసే మనిషి) అని ఎవరి పేరూ రాయలేదు, అలాంటప్పుడు ప్రొబేట్ ఇవ్వరు, విల్లు జతచేసి లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే పోయినవారి ఆస్తి వ్యవహారం చూసే అధికారపత్రం, ఇమ్మని జిల్లా జడ్జి కోర్టులో అడగాలి. దగ్గరి వారసులందరికీ నోటీసులు వెళ్తాయి. ఒక్కరు కాదన్నా అది మామూలు దావాలాగే నడుస్తుంది, మాకు మూడేళ్లు దాటింది.

అక్కడ తెలిసింది ఏంటంటే, ఆ కోర్టు చూసేది ఒక్కటే, ఈ విల్లు ఆయన తెలివిలో ఉండి, ఇష్టపూర్వకంగా, సాక్షుల ముందు రాసిందా లేదా అని. ఇల్లు నాన్నదా, తాత నాటి ఉమ్మడి ఆస్తా అన్నది అక్కడ తేల్చరు, అది వేరే దావా. మా బావ సంచీ నిండా ఇంటి పన్ను రసీదులు మోసుకొచ్చేవాడు పాపం, జడ్జిగారు ఒక్కటీ తీసి చూడలేదు.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. కాగితం పాడైపోతుందని విల్లుని లామినేషన్ చేయించాను. లాయరు గారు దాన్ని చూసి కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. సంతకం మీద అనుమానం వస్తే సిరా, కాగితం పరీక్షించాలిగా, పైన ప్లాస్టిక్ ఉంటే ఎలా? మీరు మాత్రం ఒక కవర్లో పెట్టి ఉంచండి, పిన్ను కూడా గుచ్చకండి.

తెలుగు విల్లుని కోర్టు కోసం తర్జుమా చేయించిన దగ్గర ఇంకో తమాషా. పెరట్లో రెండు గదులున్నాయి, నాన్న వాటిని ఎప్పుడూ చిన్నిల్లు అనేవారు, విల్లులోనూ "చిన్నిల్లు చిన్నవాడికి" అని రాశారు. తర్జుమా చేసినాయన దాన్ని రెండో సంసారం ఇల్లు అని దింపేశాడు. అవతలి లాయరు ఆ రెండో ఆవిడెవరు, ఆమెకి నోటీసు ఎందుకివ్వలేదు అని లేచాడు. మా అమ్మ అక్కడే కూర్చుని ఉంది! సరిచేయించడానికి ఇంకో వాయిదా పట్టింది. కాబట్టి తెలుగు బాగా వచ్చినవాళ్లతో చేయించి మీరే మాట మాటా చదువుకోండి.

అన్నిటికంటే ముఖ్యం సాక్షి. బతికి ఉండి కోర్టుకు రాగలిగిన సాక్షి ఉంటే కనీసం ఒక్కరైనా వచ్చి చెప్పి తీరాలి. మా సాక్షుల్లో ఒకాయన పోయాడు, రెండో ఆయన సూరత్‌లో పవర్‌లూమ్ పనికి వెళ్లిపోయాడు, ఠాకురాణి యాత్రకి ఊరొచ్చినప్పుడు పట్టుకుని వాయిదా అప్పటికి పెట్టించుకున్నాం. ఇద్దరూ లేకపోతే ఒక సాక్షి దస్తూరీ, రాసినాయన సంతకం గుర్తుపట్టగలవాళ్లతో రుజువు చెయ్యొచ్చు, కానీ అది ఇంకా ప్రయాస.

మీ ఇచ్ఛాపురం పొలం సంగతి వేరు. జిల్లా జడ్జి ఇచ్చిన ప్రొబేట్ ఆ రాష్ట్రం వరకే, పక్క రాష్ట్రంలో కూడా చెల్లాలంటే అక్కడి ఆస్తి విలువ 10,000 రూపాయలు మించకూడదని చట్టంలో ఉంది. ఆ డబ్బుకి ఇవాళ పొలం గట్టు కూడా రాదు. హైకోర్టు ఇస్తే దేశమంతా చెల్లుతుంది, కాబట్టి కేసు వేయాల్సి వస్తే ఈ మాట మొదట్లోనే లాయరుతో తేల్చుకోండి. ఎవరైనా సక్సెషన్ సర్టిఫికెట్ చాలన్నారా? అది బ్యాంకు డబ్బుకి, రావలసిన బాకీలకి, పొలానికి కాదు.

ఆర్డరు వచ్చాక కూడా పని అయిపోదు. ఆరు నెలల్లో ఆస్తి జాబితా, ఏడాదిలో జమాఖర్చు కోర్టుకి ఇవ్వాలి. మేము ఇత్తడి బిందెలు కూడా లెక్క రాశాం, అప్ప పక్కన కూర్చుని లెక్కపెట్టింది.

ముందు మీ తోబుట్టువుల్లో ఎవరికైనా అభ్యంతరం ఉందో లేదో కనుక్కోండి. అందరూ సరే అంటే ఇదంతా అక్కర్లేకపోవచ్చు. విల్లు కింద సంతకం చేసిన ఇద్దరూ ఇప్పుడు ఎక్కడున్నారో ఇక్కడ రాయండి, పేర్లు వద్దు, ఊరు చెబితే చాలు.