చిత్తుపద్దు దాకా యంత్రం, ఆ తర్వాత మనిషి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు వాళ్లు లెక్కలు రాసుకునే ఈఆర్‌పీనెక్స్ట్ సాఫ్ట్‌వేరుకు కృత్రిమ మేధను జోడించే పని నీ చేతికి వచ్చిందని అమ్మ చెప్పగానే కడుపు నిండినట్టయింది. నీ చదువు మన జిల్లా వడ్ల లెక్కలకు అక్కరకొస్తోంది, ఇంతకంటే ఏం కావాలి! ముప్పయ్యేళ్లు మిల్లుల్లో చిట్టా (రోజువారీ పద్దులు), ఆవర్జా (ఖాతాలవారీ లెక్కలు) రాసినవాణ్ని. చివరి ఐదారేళ్లు ఈ సాఫ్ట్‌వేరులోనే రాశాను. అందుకే నువ్వు అడగకపోయినా ఈ ఉత్తరం.

మొట్టమొదట కోడు తెరవకమ్మా. యాసంగి వడ్లు దిగే రోజుల్లో ఒక వారం కాటా దగ్గర గుమాస్తా పక్కన స్టూలు వేసుకుని కూర్చో. ఆయన దేన్ని ఏ పేరుతో పిలుస్తాడో రాసుకో. సన్నాలు, దొడ్డు వడ్లు, నూకలు, తవుడు, ఊక. ఒకే సరుకుకు రైతు నోట ఒక పేరు, బిల్లులో ఇంకో పేరు ఉంటాయి. సరుకుల జాబితాలో ఈ పేర్లన్నీ ఎక్కించకపోతే, మోడల్, అంటే చీటీలు చదివే కృత్రిమ మేధ, తనకు తోచిన కొత్త సరుకును పుట్టించి కూర్చుంటుంది.

పోయిన ఏడాది ఒక మిల్లులో చూసింది చెబుతాను. కాటా చీటీ ఫొటో తీస్తే చాలు, యంత్రమే చదివి కొనుగోలు పద్దు వేసేలా పెట్టుకున్నారు. సాయంగా ఉండమని నన్ను పిలిచారు. ఒక చీటీ మీద పైన 1010 అని, దాని కింద 82 అని చేతిరాత. యంత్రం 1010 బస్తాలు అని వేసింది. 1010 అంటే ఎంటీయూ 1010 అనే వరి రకం. కాటా దగ్గర పసిపిల్లవాడికి కూడా తెలుసు. బస్తాకు 40 కిలోల లెక్కన 82 బస్తాలంటే 32 క్వింటాళ్ల 80 కిలోలు. యంత్రం లెక్కలో అది 404 క్వింటాళ్లయింది. వచ్చింది ఒక్క ట్రాక్టరు ట్రాలీ! గుమాస్తా చూడగానే పట్టుకున్నాడు. ఆ పద్దు నేరుగా ఆవర్జాకు ఎక్కి ఉంటే, రాని వడ్లకు రైతు పేరున లక్షలు జమ అయ్యేవి.

మరో చీటీ మీద తేదీ 03-04-2025. మనకు అది ఏప్రిల్ 3. యంత్రం మార్చి 4 అనుకుంది. మామూలు రోజుల్లో నెల తేడా చిన్నది. ఇక్కడ మాత్రం ఆర్థిక సంవత్సరమే మారిపోయింది. తేదీ రాసే పద్ధతి రోజు, నెల, సంవత్సరం అని మోడల్‌కు విడమరిచి చెప్పు. అది చదివిన తేదీని చీటీ ఎక్కించిన రోజుతో పోల్చి, వారం దాటి తేడా ఉంటే ఆపేసేలా ప్రోగ్రాములో రాయి.

అందుకే మోడల్‌తో చదివించు, లెక్క మాత్రం చేయించకు. నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీస్తే నికర బరువు రావాలి. రాకపోతే పద్దు ముందుకు కదలకూడదు. ప్రభుత్వ వడ్లు ఆడించి ఇచ్చే లెక్కలో క్వింటాలుకు పచ్చి బియ్యం 67 కిలోలు, ఉప్పుడు బియ్యం 68 కిలోలు. ఇవి రెండు వరుసల కోడుతో తేలే లెక్కలు. పన్ను రేటు కూడా మోడల్‌ను అడగకు. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న లేబుల్ బియ్యం సంచికి 5 శాతం జీఎస్టీ ఉంది, 26 కిలోల సంచికి లేదు. ఒక్క కిలో తేడాతో బిల్లు మారిపోతుంది. మోడల్ ఎక్కడో చదివిన పాత రేటును కూడా ధీమాగా చెబుతుంది. రేట్లు సాఫ్ట్‌వేరులోని పన్ను పట్టికలోంచే రావాలి. అవి మారినప్పుడు ఆడిటరును అడిగి ఆ పట్టికను సరిచేయించు.

ఇప్పుడు అసలు మాట. ఈఆర్‌పీనెక్స్ట్‌లో కొనుగోలు, అమ్మకం, చెల్లింపు వంటి పద్దులన్నిటికీ మూడు దశలుంటాయని నీకు తెలుసు: డ్రాఫ్ట్ (చిత్తుపద్దు), సబ్మిటెడ్ (ఖాయమైనది), క్యాన్సిల్డ్ (రద్దయినది). సబ్మిట్ అయ్యాకే స్టాకూ ఆవర్జా కదులుతాయి. యంత్రానికి విడిగా ఒక యూజర్‌ను తెరువు. పద్దు తయారుచేసే అనుమతి ఇవ్వు, సబ్మిట్ అనుమతి ఇవ్వకు. అడ్మినిస్ట్రేటర్ తాళంచెవి దానికి అప్పగించడమంటే గల్లాపెట్టె తెరిచిపెట్టి నిద్రపోవడమే. విడి యూజర్ ఉంటే ఏ పద్దు యంత్రం రాసిందో, దాన్ని ఏ మనిషి దిద్దాడో రేపు ఆడిటరుకు చూపించవచ్చు. తెర మీద చీటీ ఫొటో, యంత్రం చదివిన అంకెలు పక్కపక్కనే కనపడాలి. గుమాస్తా కళ్లద్దాలు పెట్టుకున్న మనిషి, అక్షరాలు పెద్దవిగా పెట్టు.

యజమాని తొందరపెడతాడు, "అంతా దానంతటదే అయిపోవాలి కదా" అంటాడు. అక్కడ మెత్తబడకు.

మరొకటి. బయటి నుంచి వచ్చే బిల్లులో, ఈమెయిలులో "మా బ్యాంకు ఖాతా మారింది, కొత్త ఖాతాకు పంపండి" అని ఉంటే యంత్రం దాన్ని ఆజ్ఞగా తీసుకుని ఖాతా మార్చేయగలదు. మోసగాళ్లకు అది చాలు. ఖాతా నంబర్లు దిద్దే అనుమతి ఆ యూజర్‌కు అసలే వద్దు. ఖాతా మారిందని ఎవరు చెప్పినా, మన దగ్గరున్న పాత నంబరుకు ఫోను చేసి కనుక్కోవాల్సిందే.

రైతుల ఆధార్, పాసుపుస్తకం, బ్యాంకు వివరాలు మిల్లు నమ్మకం మీద ఇచ్చినవి. వాటిని బయటి సర్వర్లకు పంపకు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, అది రాకముందు కూడా ఇది మర్యాదే. ఓలామా అనే ప్రోగ్రాముతో, ఎవరైనా దించుకోగల బహిరంగ మోడళ్లను ఆఫీసు కంప్యూటర్‌లోనే నడపవచ్చు. మంచి గ్రాఫిక్ కార్డు కావాలి, తెలుగు చేతిరాత దగ్గర చిన్న మోడళ్లు తడబడతాయి. బయటి మోడల్ తప్పదనుకుంటే చీటీలో బరువులున్న భాగం వరకే కత్తిరించి పంపు.

అసలు కోడును ముట్టుకోకుండా నీ పని విడి యాప్‌గా రాయి, లేకపోతే వచ్చే అప్‌డేట్‌కు అంతా చెదిరిపోతుంది. ఈ సాఫ్ట్‌వేరు జీపీఎల్ లైసెన్సుది, అంటే దాని కోడును ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు. నువ్వు రాసిచ్చిన కోడు కూడా యజమాని చేతిలో పెట్టు. రేపు నువ్వు హైదరాబాదు వెళ్లిపోయినా ఆ మిల్లు ఆగకూడదు.

గుమాస్తాకు తన ఉద్యోగం పోతుందని భయం ఉంటుంది. ఆయన దిద్దిన ప్రతి తప్పునూ ఒక చోట దాచు, నీ యంత్రానికి ఆయనే గురువని ఆయనకు తెలియనివ్వు.

మోడల్ మార్చిన ప్రతిసారీ, సరైన జవాబు ముందే తెలిసిన పాత చీటీలు కనీసం రెండు వందలు చదివించి చూడాలి. అలాంటివి మన ఇంటి అటక మీద మూడు కట్టలున్నాయి, వానాకాలానివి, యాసంగివి కలిపి. వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్లు. కొన్ని వానకు తడిసి సిరా అలుక్కుపోయింది, అవి కూడా పారేయకు. కాటా దగ్గరికి వచ్చే చీటీలు అలాగే ఉంటాయి.

నీ మామయ్య
నల్లగొండ