వైన్ రుచి చెప్పే మాటలు: ముందు నోటివి, తర్వాత ముక్కువి

ప్రశ్న: వైన్ సీసాల వెనక "పొగాకు, తోలు, మిరియాలు, వెన్న" అని రాస్తారు. అవి నిజంగా అందులో ఉంటాయా, గొప్పకోసం రాస్తారా? తెలుగువాళ్లం వైన్ రుచిని ఎలా చెప్పాలి? షాపులో ఏమని అడగాలి?

జవాబు:

సీసాలో ఎవరూ పొగాకూ మిరియాలూ కలపరండీ. అలాగని రాసేవాళ్లంతా కోతలు కోస్తున్నారనీ అనలేం. ఆ మాటల్లో కొన్ని అక్షరాలా నిజం, కొన్ని పోలికలు, ఇంకొన్ని శుద్ధ డాబు. ఏది ఏ రకమో తెలిస్తే భయం పోతుంది.

నేను ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో చదువుకుంటూ వారాంతాల్లో బరోస్సా వ్యాలీలో ఒక వైనరీ సెల్లార్ డోర్‌లో పనికి చేరాను. సెల్లార్ డోర్ అంటే తోట పక్కనే వైన్ రుచి చూపించి అమ్మే కౌంటర్. చదువు అయిపోయినా ఆ పని మాత్రం వదల్లేదు. అడిలైడ్ నుంచి కారులో గంట పైచిలుకు దూరం కాబట్టి మనవాళ్లు బాగానే వస్తారు. చాలామంది గ్లాసు తిప్పి, ముక్కు లోపల పెట్టి, ఏ బ్లాక్‌బెర్రీయో తగలాలని టెన్షన్ పడి, చివరికి "నాకు ఉత్త వైన్ వాసనే వస్తోంది" అని గ్లాసు కింద పెట్టేస్తారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: ముక్కు సంగతి తర్వాత, ముందు నోటికి తెలిసేవి చెప్పండి. తీపి, పులుపు, వగరు, ఘాటు, చిక్కదనం. ఈ అయిదూ ఎంతెంత ఉన్నాయో చెప్పగలిగితే వైన్ స్వభావం చాలావరకు చెప్పినట్టే. పైగా వీటి మీద పెద్దగా వాదనలు రావు.

తీపితో మొదలుపెడదాం. తీపి లేని వైన్‌ను "డ్రై" అంటారు. నోరు ఆరిపోవడానికీ దీనికీ సంబంధం లేదు, చక్కెర లేదని మాత్రమే అర్థం. యూరప్ నిబంధనల్లో లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర ఉంటే డ్రై, పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల దాకా ఒప్పుకుంటారు. ఇక్కడ అందరూ తికమకపడేది పండు వాసన దగ్గర. బాగా పండిన పండు వాసన ముక్కుకు తగలగానే మెదడు తీపి ఉందనేసుకుంటుంది. అనుమానం వస్తే ముక్కు మూసుకుని ఒక గుక్క నోట్లో పోసుకోండి. అప్పుడు నాలుకకు తగిలేదే అసలు తీపి. చాలా రెడ్ వైన్లు ఈ పరీక్షలో "అబ్బే, తీపే లేదు" అనిపించుకుంటాయి.

పులుపు మనకు కొట్టినపిండి. ద్రాక్షలో ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్, మన చింతపండు పులుపుకు కారణమూ అదే. రెండోది మాలిక్, పచ్చి ఆపిల్ కొరికితే పళ్లు జివ్వుమనిపించేది. చాలా రెడ్ వైన్లలో, షార్డొనే అనే ద్రాక్షతో చేసిన కొన్ని వైట్ వైన్లలో బ్యాక్టీరియా ఈ మాలిక్‌ను లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. అది పెరుగు పులుపు, కాబట్టి మెత్తగా ఉంటుంది. ఆ మార్పులోనే డయాసిటైల్ అనే పదార్థం పుడుతుంది. వెన్నకు ఆ వాసన రావడంలో దానికి పెద్ద వాటా ఉంది. అంటే "బటరీ షార్డొనే" అని రాసినవాడు గాల్లోంచి తీసి రాయలేదు.

ఇక వగరు. వైన్ పాఠాలు చెప్పేవాళ్లు టానిన్ గురించి వివరించలేక తంటాలు పడతారు. మనకు ఉగాది పచ్చడి నుంచే ఆ లెక్క తెలుసు. పచ్చి అరటికాయ, వక్క, సరిగ్గా పండని నేరేడు తిన్నప్పుడు నాలుక గరుకెక్కి చిగుళ్లు పట్టేసినట్టు ఉంటుంది కదా, అదే. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్ మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్ద కట్టిస్తుంది. జారుడు పోయి నోరు ఆరిపోతుంది. రెడ్ వైన్‌ను తొక్కలతో కలిపి పులియబెడతారు కాబట్టి వగరు దానికే ఎక్కువ. వైట్‌కు ముందే రసం పిండేస్తారు.

అయినా మనవాళ్లు వగరుగా ఉన్నదాన్ని చేదు అనీ, పుల్లగా ఉన్నదాన్ని వగరు అనీ అనేస్తుంటారు. దీనికో చిన్న పరీక్ష ఉంది. గుక్క మింగాక, లేదా ఉమ్మేశాక, నోరు మూసుకుని కాసేపు ఆగండి. నోట్లో నీళ్లూరితే పులుపు, నోరు ఆరి నాలుక అంగిలికి అంటుకుంటుంటే వగరు, నాలుక వెనకవైపు పట్టుకుని ఎంతకీ వదలకపోతే చేదు. ఇంట్లో ప్రాక్టీసు కావాలంటే టీపొడి ఎక్కువసేపు మరిగించి పాలు లేకుండా తాగి చూడండి, తర్వాత అందులోనే పాలు పోయండి. పాల ప్రొటీన్లు టానిన్‌ను పట్టుకోగానే వగరు తగ్గిపోతుంది. వగరు ఎక్కువున్న కాబెర్నే సోవిన్యాన్ అనే రెడ్ వైన్ మాంసంతో, చీజ్‌తో బాగుంటుందనడానికి కారణమూ చాలావరకు ఇదే.

ఘాటు ఆల్కహాల్‌ది. బరోస్సాలో చేసే షిరాజ్ అనే రెడ్ వైన్‌లో 14, 15 శాతం మామూలు కాబట్టి మింగాక గొంతులో వేడి తెలుస్తుంది. చిక్కదనాన్ని వాళ్లు బాడీ అంటారు. నీళ్ల మజ్జిగకూ చిక్కటి మజ్జిగకూ నోట్లో ఉండే తేడా లాంటిదే ఇది. గ్లాసు గోడల మీద ధారలు కారుతుంటే మంచి వైన్ అని కొందరు చెబుతారు, నమ్మకండి. నీళ్లకూ ఆల్కహాల్‌కూ తలతన్యత (ద్రవం పైపొర బిగువు) తేడా వల్ల ఆ ధారలు వస్తాయి, నాణ్యతతో పనిలేదు.

ఇప్పుడు ముక్కుకు వద్దాం. మీరు అడిగిన మిరియాలే తీసుకోండి. షిరాజ్‌లో మిరియాల వాసనకు కారణం రొటండోన్ అనే పదార్థమని 2008లో అడిలైడ్‌లోని ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ప్రకటించారు. మన వంటింట్లో మిరియాలకు ఆ వాసన ఇచ్చేదీ అదే పదార్థం. అంటే ఇది పోలిక కూడా కాదు, సాక్షాత్తూ మిరియాల వాసనే. తమాషా ఏమిటంటే వాళ్లు పరీక్షించినవాళ్లలో దాదాపు 20 శాతం మందికి ఆ వాసన బాగా ఎక్కువ మోతాదులో ఇచ్చినా తెలియలేదు. కాబట్టి పక్కాయనకు మిరియాలు తగిలి మీకు తగలకపోతే ఆయన గొప్పా కాదు, మీరు తక్కువా కాదు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మస్కట్ ద్రాక్ష పరిమళంలో ముఖ్యమైన లినలూల్ మన ధనియాల్లో దండిగా ఉంటుంది. వైన్ నిల్వ ఉంచే ఓక్ చెక్క పీపాల నుంచి వెనిలా వాసన వస్తుంది, పీపాను కాల్చినప్పుడు లవంగం వాసన పుడుతుంది. అమెరికన్ ఓక్ అయితే ఎండుకొబ్బరి. పాతకాలపు పద్ధతిలో చేసిన బరోస్సా షిరాజ్‌లో ఆ కొబ్బరి వాసన మనవాళ్లు ఇట్టే పట్టేస్తారు. తెల్లవాళ్లు మాత్రం కాస్త ఆలోచించాలి. క్లేర్ వ్యాలీలో చేసే రీస్లింగ్ అనే వైట్ వైన్ కొన్నేళ్లు నిల్వ ఉంటే కిరసనాయిలు వాసన వేస్తుంది. ఎండ బాగా తగిలిన ద్రాక్షలో టీడీఎన్ అనే పదార్థం వల్ల వచ్చేది అది. పుస్తకాల్లో దాన్ని మర్యాదగా పెట్రోల్ అంటారు. వత్తుల స్టవ్ మీద వంట చూసిన తరం మాత్రం గ్లాసు ఎత్తగానే "కిరసనాయిల్" అనేస్తుంది. న్యూజిలాండ్‌లో చేసే సోవిన్యాన్ బ్లాంక్ అనే వైట్ వైన్‌లో దోరజామ వాసన వస్తుందంటే నమ్మొచ్చు, రెండింట్లోనూ ఒకే రకం గంధకపు పదార్థాలున్నాయి. అదే జాతికి చెందిన ఇంకో పదార్థం ఎక్కువైతే పిల్లి మూత్రం వాసన వస్తుంది. నవ్వకండి, అదీ వైన్ నిఘంటువులో ఉన్న మాటే!

పొగాకు సంగతి. ఒకసారి మనవాళ్ల కుటుంబం వచ్చింది. పెద్దాయనది ఒంగోలు వైపు పల్లెటూరు, వర్జీనియా పొగాకు వేసి, సొంత బ్యారన్‌లో, అంటే వేడి పెట్టే కొట్టంలో, ఆకు ఆరబెట్టిన రైతు. మందు ముట్టరు. కొడుకూ కోడలూ రుచి చూస్తుంటే ఓ పక్కన కూర్చుని ఉన్నారు. బాగా పాతబడిన కాబెర్నే ఒకటి తెరిచి ఉంటే, "తాగొద్దులెండి బాబాయ్ గారూ, ఊరికే వాసన చూడండి" అని గ్లాసు చేతికిచ్చాను. చూసి, మళ్లీ చూసి, "అమ్మాయ్, ఆకు పచ్చబడి ఈనె ఎండాక బ్యారన్ తలుపు తీస్తే వచ్చే వాసన ఇది. సిగరెట్టు వాసన కాదు" అన్నారు. ఆ సీసా వెనక "టొబాకో" అని రాసుంది. రాసినవాడు కాల్చని ఆకు గురించే రాశాడు, చదివే మనమే సిగరెట్టు పొగ అనుకుంటాం. ఆ రోజు కౌంటర్ దగ్గర నాతో సహా ఎవరి ముక్కూ ఆయన ముక్కుతో సరితూగలేదు.

అంటే ముక్కుకు తెలిసేదంతా మన జ్ఞాపకాల్లోంచే వస్తుంది. బ్లాక్‌కరెంట్ పండు ఎప్పుడూ తినని మనిషికి బ్లాక్‌కరెంట్ వాసన ఎలా తెలుస్తుంది? షిరాజ్‌కు నేరేడు అనండి, తప్పేం లేదు. ఆ రంగు, ఆ వగరు, ఆ పండు తీరు అన్నీ దగ్గరే. ఆసియా మూలాలున్నవాళ్లలో తొలి మాస్టర్ ఆఫ్ వైన్ (వైన్ రంగంలో పెద్ద పట్టా), 2008లో అది అందుకున్న జీనీ చో లీ చాన్నాళ్లుగా ఇదే చెబుతున్నారు: ఆసియావాళ్లు తమ వంటింటి రుచులతోనే వైన్‌ను వర్ణించొచ్చని. కానీ ఒక జాగ్రత్త. ఇంగ్లిష్‌లో "గూస్‌బెర్రీ" అని రాస్తే అది మన ఉసిరికాయ అనుకోకండి, ఆ పండు వేరు. "స్పైసీ" అని రాస్తే లవంగం, దాల్చినచెక్క, మిరియాల వాసన అని అర్థం, కారం అని కాదు. "స్పైసీది ఇవ్వండి" అని తీసుకుని, మంట లేదని నిరాశపడ్డవాళ్లను చూశాను.

పదాలు నేర్చుకోవడానికి మంచి ఆధారం డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన ఆన్ నోబుల్ 1984లో ప్రకటించిన వాసనల పదకోశం. అదే గుండ్రటి అరోమా వీల్‌గా ప్రచారంలోకి వచ్చింది. మధ్యలో "పండు", దాని చుట్టూ "నిమ్మజాతి, బెర్రీ", బయటి చుట్టులో పేరుపేరునా పండ్లు. "సొగసైన", "రాజసమైన" లాంటివి అందులో లేవు, కావాలనే పెట్టలేదు. అందులో ఉన్న వాసనలు చాలావరకు ఇంట్లోనే చేసుకోవచ్చు. చవక పెట్టె వైన్ తెచ్చి (ఈ పెట్టె వైన్ పుట్టిందీ మా సౌత్ ఆస్ట్రేలియాలోనే, 1965లో) చిన్న గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో లవంగం, ఒకదాంట్లో క్యాప్సికం ముక్క, ఇంకోదాంట్లో కమలా తొక్క వేసి మూతపెట్టి అరగంట ఆగి వాసన చూడండి. కొత్తవాళ్లకు పని నేర్పేటప్పుడు నేను ఇలాగే చేస్తాను. క్యాప్సికం గ్లాసు చూశాక కాబెర్నేలోని పచ్చి వాసన ఇక మరిచిపోరు.

డాబు మాటలూ ఉన్నాయి. "మినరాలిటీ" అంటే రాళ్ల రుచి ద్రాక్షతీగ వేళ్ల ద్వారా గ్లాసులోకి వచ్చిందనుకుంటారు, అలా రాదు. ఒకరు పులుపునీ, ఒకరు ఉప్పదనాన్నీ, ఇంకొకరు అగ్గిపుల్ల వాసననీ ఆ పేరుతో పిలుస్తారు. ఇక రంగు చేసే మోసం చెప్పనక్కర్లేదు. 2001లో వెలువడిన, ఫ్రాన్స్‌లోని బోర్డోలో చేసిన ప్రయోగంలో 54 మంది వైన్ విద్యార్థులకు ఒక వైట్ వైన్‌ను, వాసనలేని రంగుతో ఎర్రగా మార్చిన అదే వైన్‌నూ ఇచ్చారు. ఎర్రటిదానికి వాళ్లు రెడ్ వైన్ మాటలే వాడారు. దీన్ని చూపించి "వైన్ రుచులన్నీ బూటకం" అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ ప్రయోగం తేల్చింది వాసనను కన్ను శాసిస్తుందని. వగరు, పులుపు, తీపి తేల్చడానికి మనకు నోరు వేరే ఉంది.

డబ్బులు మిగిల్చే మాటలు ఇంకో రకం, అవి పాడైన వైన్‌వి. తడిసిన న్యూస్‌పేపర్, బూజుపట్టిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ చెడిందని. నెయిల్‌పాలిష్ లేదా వెనిగర్ కొడితే పులిసిపోతోందని. రెస్టారెంట్లో ఈ మాట చెబితే సీసా మారుస్తారు. కుళ్లిన గుడ్డు వాసన స్వల్పంగా ఉంటే మాత్రం గ్లాసులో కాసేపు తిప్పి చూడండి, చాలాసార్లు పోతుంది.

షాపులో ఏమనాలో అడిగారు. మన ఊళ్లలో "వైన్స్" అని బోర్డు ఉన్న షాపులో బీరూ బ్రాందీయే నడుస్తాయి, వైన్ అంటే తియ్యటి పోర్ట్ చేతిలో పెట్టే అవకాశం ఎక్కువ. కాస్త పెద్ద షాపుకో, హోటల్‌కో వెళ్లి పండ్ల పేర్లు జోలికి పోకుండా నోటి మాటలతోనే అడగండి: "డ్రై కావాలి, పులుపు బాగా ఉండాలి, వైట్" అంటే నాసిక్ సోవిన్యాన్ బ్లాంక్ ఇస్తారు. "రెడ్ కావాలి, వగరు తక్కువ, పల్చగా" అంటే పినో న్వార్ లాంటిది. ఆవకాయ, గోంగూర మాంసం లాంటి భోజనంతో అయితే ఘాటు, వగరు ఎక్కువున్న రెడ్ వద్దు, మంట పెరుగుతుంది. ఆల్కహాల్ తక్కువగా, కాస్త తీపి ఉన్న వైట్ అడగండి. ఒకవేళ రెడ్ తెచ్చుకుంటే, మన ఎండల్లో గది వేడికే ఘాటు పైకి తేలి మిగతావేవీ తెలియవు కాబట్టి, పోసే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.