కొట్టే మొగుళ్ల సంగతి: సంఘం లీడరయిన మేనకోడలికి

చిరంజీవి పద్మకు,

కావలి నుంచి అత్త ఆశీస్సులు. కొండపిలో మీ డ్వాక్రా గ్రూపుకి నువ్వు లీడరువయ్యావని మీ నాన్న చెప్పాడు. పొదుపు లెక్కలు నీకు నేను నేర్పక్కర్లేదు. ఇళ్లల్లో దెబ్బలు తినేవాళ్ల విషయం ఏం చేయాలని అడిగావట, అది రాస్తున్నా.

మీటింగులో లేచి "మా ఆయన కొడుతున్నాడు" అని ఎవరూ చెప్పరు. నీ పుస్తకమే చెబుతుంది. నెలనెలా తనే వచ్చి కంతు కట్టే మనిషి, ఉన్నట్టుండి డబ్బు పిల్లాడి చేతికిచ్చి పంపుతుంది. లోను పడిన మర్నాటికే ఏటీఎం కార్డు మొగుడి జేబులో ఉంటుంది. వీటితో ఏదీ రుజువు కాదు గానీ, పొగాకు గ్రేడింగుకి పోయే దారిలో ఆమెను ఒంటరిగా పలకరించడానికి ఇది చాలు. అంతేగాని "కంతు ఎందుకు కట్టలేదు" అని పదిమందిలో నిలదీశావో, ఇక నోరు విప్పదు.

మీలో ఎవరో ఒకరు దూబగుంట సారా పోరాటం మాట ఎత్తుతారు. ఎత్తకుండా ఎలా ఉంటారు! రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దిన మా నెల్లూరు ఆడవాళ్లు సారాకొట్లు మూయించారు, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. కానీ సారాకొట్టు వీధిలో ఉండేది, ఈ దెబ్బలేమో తలుపులు వేసుకున్నాక పడతాయి. చీపుళ్లు పట్టుకుని గుంపుగా ఇంటి మీదికి పోతే, మనం వెనక్కి తిరిగాక ఆ కసి ఆమె మీదే తీర్చుకుంటాడు. అదీగాక చుక్క ముట్టకుండా కొట్టేవాళ్లను కూడా చూశాను. మందు మాన్పిస్తే అంతా చక్కబడుతుందనుకోకు.

ముందు ఆమెకేం కావాలో అడుగు. పక్కింటి ఇద్దరికి చెప్పి ఉంచు: అరుపులు వినపడగానే "పెరుగు తోడుకి ఉందా" అంటూ తలుపు కొట్టాలి. చాలాసార్లు ఎత్తిన చెయ్యి అక్కడే ఆగుతుంది. కత్తి, కిరోసిన్ మాట వినపడితే మాత్రం తోడూ గీడూ వద్దు, పోలీసులకు, 112కి ఫోన్ చేయండి. ఆధారు, పాస్‌బుక్కు, పిల్లల సర్టిఫికెట్లు వేరేచోట దాచమను. మీ ఇంట్లో వద్దు, వాడు మొదట వచ్చేది లీడరింటికే. దెబ్బ తగిలి ఆసుపత్రికి వెళ్తే "జారిపడ్డాను" అని రాయించుకోనివ్వకు. రేపు కేసులో ఆ కాగితమే అడ్డం తిరుగుతుంది.

2005 గృహహింస చట్టం కొట్టడం ఒక్కటే చూడదు. ఆమె కూలి డబ్బులు లాక్కోవడం, ఇంట్లోంచి గెంటేస్తానని బెదిరించడం కూడా అందులోకే వస్తాయి. ఇల్లు అత్త పేరున ఉన్నా, కోడలిగా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. ఈ చట్టం కింద ఆడవాళ్లకు సాయం చేసే ప్రొటెక్షన్ ఆఫీసరు దగ్గరికి నువ్వే వెంటబెట్టుకెళ్లు, మహిళా హెల్ప్‌లైను 181కి ఫోన్ చేసినా దారి చెబుతారు. లాయరు ఖర్చని భయపడుతుంది పాపం. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

పెద్దమనుషులు "సర్దుకుపోమ్మా" అని రాజీకాగితం రాస్తే, గ్రూపు తరఫున సాక్షి సంతకం పెట్టొద్దు. తీర్మానాల పుస్తకంలో ఆమె పేరూ రాయొద్దు, ఆ పుస్తకం నలుగురి చేతుల్లో తిరుగుతుంది.

ఇంత చేశాక ఆమె మళ్లీ వాడి దగ్గరికే పోవచ్చు, ఒకసారితో ఆగకపోవచ్చు కూడా. "మనం ఇంత చేస్తే ఇదా" అని మూతి తిప్పుకునేవాళ్లు, ఆమె లోను ఆపమనేవాళ్లు మీ గ్రూపులోనే ఉంటారు. వాళ్లతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో.

మీ అత్త