మైలుతుత్తంలో ఇనుప మేకు ఎందుకు ఎర్రబడుతుంది?

మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, కరిగించిన నీలం నీళ్లలో ఇనుప మేకు ముంచే ప్రయోగాన్ని పదో తరగతి చదివే మీ పాపకు ఇంట్లో చూపించొచ్చా అని అడిగారు. తప్పకుండా చూపించండి. నేనైతే దీన్ని బడిలో కంటే ముందు మా బత్తాయి తోటలో చూశాను.

మాది నల్గొండ వైపు. తెగుళ్లొస్తే బోర్డో మిశ్రమం కొడతాం: 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. కలిపాక మా నాయన కొడవలి మొన అందులో ముంచి కాసేపు ఉంచేవాడు. తీసి చూస్తే మొన ఎర్రబడిందా, "ఇంకింత సున్నం పడాలె" అనేవాడు. సున్నంతో కలవని రాగి ఇంకా మిగిలుందని దానర్థం. అట్లాగే కొడితే ఆకులు మాడిపోతాయి. కొడవలి రంగు మారకుండా వచ్చినప్పుడే పిచికారీ మొదలుపెట్టేవాళ్లం.

ఇనుముకు రాగి కంటే చర్యాశీలత, అంటే రసాయన చర్యలో చురుకు, ఎక్కువ. ఇనుము తన ఎలక్ట్రాన్లను రాగి అయాన్లకు ఇచ్చేసి నీళ్లలో కరుగుతుంది, రాగి లోహంగా మారి మేకుకు అంటుకుంటుంది. 56 గ్రాముల ఇనుము కరిగితే 63.5 గ్రాముల రాగి బయటికొస్తుంది. నీలం రంగు వెలిసి లేత ఆకుపచ్చ తిరుగుతుంది. అదే అన్నభేది, అంటే ఐరన్ సల్ఫేట్.

మేకును ఎమరీ పేపరుతో తళతళలాడేదాకా రుద్దండి. తుప్పు ఉంటే పూత సరిగ్గా పట్టదు. దారం కట్టి, మైలుతుత్తం కరిగించిన నీళ్లున్న గాజు గ్లాసులోకి వేలాడదీసి 20 నిమిషాలు ఆగండి. రాగి చెంబులా మెరుస్తుందని మాత్రం ఎదురుచూడొద్దు. ఇటుక పొడి అద్దినట్టు గోధుమ ఎరుపులో ఉంటుంది, పుల్లతో గీకితే రాలుతుంది. పక్కనే ముంచని మేకు ఒకటి పెడితే తేడా బాగా తెలుస్తుంది.

తర్వాత ఇంకో గ్లాసులో అన్నభేది కరిగించి రాగి తీగ వేయండి. అన్నభేది ఎరువుల షాపులో దొరుకుతుంది. ఎంతసేపైనా తీగ మీద ఇనుము పేరుకోదు. నా లెక్కలో అసలు పాఠం ఇదే. ఏది దేన్ని తోసేస్తుందో, ఏది తోయలేదో రెండూ పక్కపక్కన చూస్తే చర్యాశీలత శ్రేణిని, అంటే లోహాల చురుకు వరుసను, పాప బట్టీ పట్టక్కర్లేదు.

ఒకసారి తొందరలో నేను జింకు పూత బకెట్లో తుత్తం కరిగించాను. జింకు ఇనుము కంటే చురుకు కదా, కాసేపటికే అడుగున నల్లగా గోధుమరంగు మడ్డి పేరుకుంది, ఆ మందు పారబోయాల్సి వచ్చింది. అప్పటినుంచి ప్లాస్టిక్ డ్రమ్మే వాడుతున్నాను.

తుత్తం విషం. పాప చేతులకు గ్లవుజులు వేయండి, ఆ గ్లాసును మళ్లీ వంటింట్లోకి రానివ్వకండి.