ఇంట్లో చేసిన లైట్‌బార్: నీలం వైపే ఎందుకు మాడింది?

ప్రశ్న: మా పాలిటెక్నిక్ ప్రదర్శన కోసం ఫైరింజను నమూనా చేసి, దానిపైన మీటరు పొడవు లైట్‌బార్ బిగించాను. ఒక సగం ఎరుపు ఎల్ఈడీ స్ట్రిప్పు, ఇంకో సగం నీలం. ఆర్డ్వినో ఊనో బోర్డు (మనం రాసిన ప్రోగ్రామును నడిపే చిన్న సర్క్యూటు బోర్డు), స్ట్రిప్పుకొకటి చొప్పున బీసీ 547 ట్రాన్సిస్టర్లు వాడాను. 12 వోల్టుల అడాప్టరు మీద మసకగా వెలిగింది గానీ ట్రాన్సిస్టర్లు ముట్టుకోలేనంత వేడెక్కాయి. వాటి బదులు రిలేలు (విద్యుత్తుతో తెరిచి మూసే స్విచ్చులు) పెట్టి, మా ట్రాక్టరు బ్యాటరీకి కలిపి, ఇంజను నడుస్తుండగా చూస్తే కొంతసేపటికే నీలం స్ట్రిప్పులో చాలా ముక్కలు ఆరిపోయాయి. ఎరుపు మాత్రం చెక్కు చెదరలేదు. స్టార్టరు తిప్పినప్పుడల్లా బోర్డు రీసెట్ అవుతోంది. బోర్డు మార్చమంటారా?
— డిప్లొమా విద్యార్థి, నంద్యాల

జవాబు: బోర్డు మార్చనవసరం లేదు. మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ మూలం బోర్డులో లేదు, దాని చుట్టూ పారే కరెంటులో ఉంది. లైట్‌బార్ చేసేవారు ఎక్కువ మంది ప్రోగ్రాము మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా విద్యుత్తు లెక్క మీద పెట్టరు.

ముందు ట్రాన్సిస్టరు సంగతి చూద్దాం. బజారులో దొరికే 5050 రకం స్ట్రిప్పు, మీటరుకు 60 ఎల్ఈడీలున్నది, 12 వోల్టుల దగ్గర మీటరుకు సుమారు 14.4 వాట్లు, అంటే 1.2 ఆంపియర్లు తీసుకుంటుంది. మీ సగం మీటరుకు 0.6 ఆంపియర్లు కావాలి. బీసీ 547 మోయగలిగేది 0.1 ఆంపియరు మాత్రమే కనుక అది వేడెక్కడంలో వింత లేదు. దాని స్థానంలో రిలే పెట్టడం కూడా మంచి మార్గం కాదు. ఇలాంటి బోర్డుల మీద వచ్చే చిన్న రిలేలకు పూర్తి లోడు మీద లక్ష సార్లు తెరిచి మూసే ఆయుష్షు ఉంటుందని తయారీదారులు చెబుతారు. సెకనుకు నాలుగు మెరుపుల లెక్కన ఆ లక్ష ఏడు గంటల్లో అయిపోతుంది, పైగా టకటకమనే చప్పుడు అదనం. మీకు కావలసింది ఐఆర్ఎల్‌జెడ్ 44ఎన్ వంటి లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్, అంటే బోర్డు ఇచ్చే అయిదు వోల్టులతోనే పూర్తిగా తెరుచుకునే ట్రాన్సిస్టరు. పేరులో ‘ఎల్’ ఉన్నదో లేదో చూసి మరీ కొనండి. ఐఆర్ఎఫ్‌జెడ్ 44ఎన్ అనే దాని తోబుట్టువును దుకాణంవారు ‘అదీ ఇదీ ఒకటే’ అంటూ చేతిలో పెడతారు గానీ, అది పూర్తిగా తెరుచుకోవడానికి గేటు (దాన్ని తెరిచి మూసే కాలు) మీద పది వోల్టులు కావాలి, మీ బోర్డు ఇవ్వగలిగేది అయిదే. సరైన మాస్‌ఫెట్‌కు అయిదు వోల్టుల దగ్గర అడ్డు 0.025 ఓములే కాబట్టి, 0.6 ఆంపియర్లు పారినా అందులో వృథా అయ్యే శక్తి పది మిల్లీవాట్లకు మించదు, వేలు పెడితే వెచ్చదనం కూడా తెలియదు. బోర్డు పిన్నుకూ గేటుకూ మధ్య 150 ఓముల రెసిస్టరు, గేటు నుంచి గ్రౌండుకు 10 కిలో ఓముల రెసిస్టరు పెట్టండి. రెండోది లేకపోతే కరెంటు ఇచ్చాక ప్రోగ్రాము మొదలయ్యేలోపు గేటు ఎటూ కాకుండా ఊగిసలాడి, లైట్లు తమంతట తాము వెలుగుతాయి.

ఇక నీలం వైపే ఎందుకు మాడిందన్నది మీ ప్రశ్నలో అసలైన అంశం. ఇలాంటి 12 వోల్టుల స్ట్రిప్పును కత్తిరించే గుర్తుల మధ్య ప్రతి ముక్కలోనూ మూడు ఎల్ఈడీలు వరుసగా, వాటితోపాటు రెసిస్టరూ ఉంటాయి. నీలం ఎల్ఈడీ ఒక్కొక్కటి సుమారు 3.2 వోల్టులు తీసుకుంటుంది, మూడూ కలిసి 9.6. పన్నెండులో మిగిలిన 2.4 వోల్టులే రెసిస్టరు మీద పడతాయి. ఎరుపు ఎల్ఈడీకి రెండు వోల్టులు చాలు, మూడింటికి ఆరు, కనుక రెసిస్టరు మీద ఇంకో ఆరు పడతాయి. ఇంజను నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరు బ్యాటరీని 14.4 వోల్టుల దాకా ఎక్కిస్తుంది. పెరిగిన 2.4 వోల్టుల భారమంతా రెసిస్టరు మీదే పడుతుంది. నీలంలో 2.4 కాస్తా 4.8 అయింది, అంటే కరెంటు దాదాపు రెట్టింపు. ఎరుపులో 6 కాస్తా 8.4 అయింది, పెరుగుదల నలభై శాతమే. స్ట్రిప్పు మీద ముద్రించిన 12 అన్న అంకెను వాహనం పట్టించుకోదు కనుక, బ్యాటరీకీ స్ట్రిప్పులకూ నడుమ ఎల్ఎం 2596 బక్ కన్వర్టరు (వోల్టేజిని తగ్గించి నిలకడగా ఇచ్చే పరికరం) పెట్టి దాని అవుట్‌పుట్‌ను మల్టీమీటరుతో చూసుకుంటూ 12 వోల్టులకు తిప్పి ఉంచండి. ఇంజను ఆపినప్పుడు కాంతి కొద్దిగా తగ్గుతుంది, ప్రదర్శనకు అది లోటు కాదు.

రీసెట్‌కు కారణం స్టార్టరే. అది తిరిగే క్షణంలో పాత బ్యాటరీ వోల్టేజి తొమ్మిదికీ, ఒక్కోసారి అంతకన్నా కిందికీ పడిపోతుంది. బోర్డుకు మరో బక్ కన్వర్టరును అయిదు వోల్టులకు సరిచేసి విడిగా ఇవ్వండి. దాని ఇన్‌పుట్ దగ్గర 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరునూ, ఆ కెపాసిటరుకు ముందు కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడునూ పెడితే, అందులో నిల్వ ఉన్న కరెంటును స్టార్టరు వెనక్కి లాగేసుకోలేదు. బ్యాటరీ ధన కొన దగ్గరే 3 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. బార్ దగ్గర పెట్టిన ఫ్యూజు దారిలో తీగ ఒరుసుకుపోతే ఏమీ కాపాడదు. ఆల్టర్నేటరు పంపే క్షణికమైన ఎగుడు వోల్టేజీకి కన్వర్టరు బలి కాకుండా దాని ముందు ఒక టీవీఎస్ డయోడు కూడా వేయండి.

ప్రశ్న: మెరుపుల తీరు మార్చడానికి బటన్ పెట్టాను. నొక్కితే ఒకసారి వింటుంది, నాలుగుసార్లు వినదు. బటన్ చెడిపోయిందా?
— బీటెక్ విద్యార్థిని, వరంగల్

జవాబు: మీ ప్రోగ్రాములో మెరుపుకూ మెరుపుకూ మధ్య డిలే (ఇంతసేపు ఆగమని చెప్పే ఆదేశం) వాడి ఉంటారు. డిలే నడుస్తున్నంతసేపూ మీ ప్రోగ్రాము బటన్ వైపు చూడదు. దాని బదులు మిల్లీస్ అనే గడియారాన్ని ప్రతి చుట్టులోనూ అడిగి, అనుకున్న గడువు దాటిందా లేదా అని మాత్రమే చూడాలి. మెరుపుల తీరును పట్టికగా రాసుకుంటే ఇది ఇంకా సులువవుతుంది. వరుసకు రెండే అంకెలు: ఏ వైపు వెలగాలి, ఎన్ని మిల్లీసెకన్లు వెలగాలి. ఎడమ 70, చీకటి 50, ఎడమ 70, చీకటి 60, తర్వాత కుడి వైపు అదే వరుస. మొత్తం అరసెకను. రోడ్డు మీద కనిపించే జంట మెరుపుకు చాలా దగ్గరగా ఉంటుంది. కొత్త తీరు కావాలంటే కొత్త పట్టిక రాస్తే చాలు, మిగతా ప్రోగ్రామును ముట్టుకోనక్కరలేదు.

ప్రశ్న: మా బడి పిల్లలు సైన్సు ప్రదర్శనలో ఇలాంటి దీపాలు పెడుతున్నారు. చూసే చిన్నపిల్లలకు హాని ఉంటుందా?
— ఉపాధ్యాయిని, అమలాపురం

జవాబు: కాంతి మిణుకు వల్ల మూర్ఛ వచ్చే స్వభావం కొద్దిమందిలో ఉంటుంది, అది ముందుగా తెలియకపోవచ్చు కూడా. సెకనుకు మూడు మెరుపులు దాటకూడదన్నది తెరల మీది దృశ్యాలకు పాటించే జాగ్రత్త, మీరు దాన్నే ఇక్కడా పాటించండి. పైన చెప్పిన జంట మెరుపు రెండు వైపులా కలిపి సెకనుకు ఎనిమిది అవుతుంది, మూసిన గదిలో అది వద్దు. ఎడమ అరసెకను, కుడి అరసెకను చాలు. దీపాల ముందు పల్చని తెల్ల అక్రిలిక్ రేకు పెట్టి, గదిలో మామూలు లైట్లు వెలిగించే ఉంచండి.

ప్రశ్న: మా బాబాయి సర్పంచి. ఆయన కారు మీద నేను చేసిన లైట్‌బార్ పెట్టుకోవచ్చా? సొంతంగా చేసుకున్నదే కదా.
— పాఠకుడు, సూర్యాపేట

జవాబు: పెట్టుకోకూడదు. కొన్నదా, చేసుకున్నదా అన్నదానితో నిబంధనకు నిమిత్తం లేదు. ఎర్రబుగ్గల సంస్కృతికి స్వస్తి చెబుతూ కేంద్ర మంత్రివర్గం 2017 ఏప్రిల్‌లో తీసుకున్న నిర్ణయం అదే ఏడాది మే 1 నుంచి అమలులోకి వచ్చింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 108వ నిబంధన ప్రకారం ప్రముఖులకు ఎర్రబుగ్గ ఇచ్చే వెసులుబాటు అప్పటితో పోయింది, కేంద్ర మంత్రులు కూడా తీసేశారు. ఇప్పుడు మెరిసే ఎరుపు, నీలం దీపాలు అగ్నిమాపక, పోలీసు, అంబులెన్సు వంటి అత్యవసర సేవల వాహనాలకే. ముందు జాలీ వెనకో, అద్దం లోపలో దాచిపెట్టి వెలిగించేవారున్నారు గానీ, దారి ఇచ్చేవాడు పోలీసు బండి అనుకునే ఇస్తాడు, తప్పు అక్కడే ఉంది.

మీ పనితనాన్ని వృథా చేసుకోవద్దు. మీ ప్రాంతంలో రాత్రిపూట వడ్ల లోడుతో ట్రాక్టరు ట్రాలీలు రోడ్డు పక్కన ఆగిపోవడం, వెనక దీపం లేక వచ్చే బండి గుద్దుకోవడం మీకు తెలియనిది కాదు. అదే సర్క్యూటులో రెండు సగాలకూ ముదురు పసుపు స్ట్రిప్పులు వేసి, మోయగలిగే స్టాండుకు బిగించి, ఆగిన ట్రాలీకి బాగా వెనగ్గా, త్రిభుజాకారపు హెచ్చరిక పలకతోపాటు రోడ్డు అంచున నిలపండి. ఈ రంగు ఎల్ఈడీ కూడా ఎరుపులాగే రెండు వోల్టుల దగ్గరే వెలుగుతుంది కనుక వోల్టేజి హెచ్చుతగ్గులను బాగానే ఓర్చుకుంటుంది. ఒక్కసారికి ఒక సగమే వెలుగుతుంది కాబట్టి స్ట్రిప్పులు 0.6 ఆంపియర్లకు మించి తీసుకోవు, నడుమ చీకటి ఉంటుంది కనుక సగటు ఇంకా తక్కువ. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బ్యాటరీ నిండుగా ఉంటే ఒక రాత్రికి సరిపోతుంది.