టెక్ సందేహాలు: ఓసారి పాస్, ఓసారి ఫెయిల్ అయ్యే టెస్టుల్ని ఏం చేయాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలా భాగం ఓపెన్ సోర్స్ టూల్స్‌కి కోడ్ రాస్తున్నవాళ్లవే. సీపీ, డేట్, సార్ట్, టెయిల్ లాంటి రోజువారీ లినక్స్ కమాండ్లలో బగ్ సరిచేద్దామని కూర్చున్నవాళ్లకి ఎదురయ్యే తలనొప్పి దాదాపు ఒకటే. కోడ్‌లో అక్షరం మారదు, ఆ కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్ట్ మాత్రం పొద్దున పాస్ అవుతుంది, సాయంత్రం ఫెయిల్ అవుతుంది. వీటినే ఫ్లేకీ టెస్టులు అంటున్నారు. ఫోన్ బ్యాటరీ, వైఫై ప్రశ్నలు వచ్చేవారం చూద్దాం, ఈవారం పూర్తిగా వీటికే.

ప్రశ్న: నేను వరంగల్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నానండి. ఒక సిస్టమ్ టూల్‌కి చిన్న ప్యాచ్ (కోడ్ సవరణ) పంపాను. నా కోడ్‌తో సంబంధమే లేని టెస్ట్ ఒకటి ఫెయిలైంది. మళ్లీ రన్ చేస్తే పాసైంది. ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిశాక ఫలితంగా ఇచ్చే అంకె) 141 అని చూపించింది. ఆ స్క్రిప్ట్ మొదట్లో పైప్‌ఫెయిల్ (పైప్‌లో ఏ కమాండ్ ఫెయిలైనా మొత్తం ఫెయిల్ అనే సెట్టింగ్) ఆన్ చేసి ఉంది, మధ్యలో ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని పైప్ చేసి, అంటే నేరుగా తర్వాతి కమాండ్‌కి పంపి, మాటలు వెతికే గ్రెప్ మైనస్ క్యూతో వెతుకుతున్నారు. గ్రీన్ వచ్చేదాకా రీరన్ కొట్టమని సీనియర్లు అంటున్నారు. అంతేనా?

అంతే కాదండి. మీరు ఆ 141 అనే అంకె రాసి పంపారు చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. షెల్‌లో ఒక ప్రోగ్రామ్ సిగ్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ పంపే కబురు) వల్ల చనిపోతే దాని ఎగ్జిట్ కోడ్ 128కి ఆ సిగ్నల్ నంబర్ కలిపితే వస్తుంది. 141లోంచి 128 తీసేస్తే 13. లినక్స్‌లో 13 అంటే సిగ్‌పైప్, అంటే పైప్‌కి అవతల చదివేవాళ్లు ఎవరూ లేకపోయినా ఇవతల నుంచి రాయబోతే వచ్చే సిగ్నల్.

ఇప్పుడు మీ స్క్రిప్ట్‌లో జరుగుతున్నది చూడండి. గ్రెప్‌కి మైనస్ క్యూ ఇస్తే, వెతుకుతున్న మాట మొదటిసారి కనపడగానే "దొరికింది" అని వెళ్లిపోతుంది, మిగతా ఇన్‌పుట్ చదవదు. మొదటి కమాండ్ అప్పటికే రాయాల్సిందంతా పైప్‌లోకి రాసేసి ఉంటే (లినక్స్‌లో పైప్ మామూలుగా 64 కిలోబైట్లు పడుతుంది) ఏ గొడవా లేదు. ఇంకా కొంత రాయాల్సి ఉండగా గ్రెప్ వెళ్లిపోతే మాత్రం సిగ్‌పైప్ తగిలి ఆ కమాండ్ చనిపోతుంది. పైప్‌ఫెయిల్ లేకపోతే చివరి కమాండ్ ఫలితమే లెక్కలోకి వచ్చేది కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు. అది ఆన్‌లో ఉంది గనక, వెతికింది దొరికినా సరే మొత్తం లైన్ ఫెయిల్ కింద లెక్క. ఎవరు ముందు పూర్తి చేస్తారన్నది ఆ క్షణంలో ప్రాసెసర్ ఎవరికి దొరికిందన్న దాన్ని బట్టి ఉంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో వంద సార్లు పాస్ అవడం, రద్దీగా ఉన్న టెస్ట్ సర్వర్‌లో ఒకసారి పడిపోవడం అందుకే.

సరిచేయడం తేలిక. అవుట్‌పుట్‌ని ముందు ఒక ఫైల్‌లోకి పంపండి, తర్వాత ఆ ఫైల్‌లో గ్రెప్ చేయండి. పైప్ లేదు, పందెం లేదు. పైగా టెస్ట్ నిజంగా ఫెయిలైన రోజున ఆ ఫైల్‌ని లాగ్‌లో చూపించొచ్చు. పైప్ వల్ల చనిపోయిన టెస్ట్‌లో చూడటానికి ఏమీ మిగలదు, ఉత్త "ఫెయిల్" అనే మాట తప్ప.

మీ సీనియర్ల మీద కోపం వద్దు, ఆ అలవాటు వెనక అలసట ఉంది. 2016లో గూగుల్ ఇంజినీర్లు బయటపెట్టిన లెక్కలో వాళ్ల టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతోకొంత ఈ జబ్బు ఉంది. పాస్ నుంచి ఫెయిల్‌కి మారిన సందర్భాల్లో 84 శాతం వాటిలో ఫ్లేకీ టెస్ట్ ఉందట. ఇంతసార్లు ఊరికే ఎర్ర లైటు వెలిగితే ఎవరైనా పట్టించుకోవడం మానేస్తారు. నాకు భయం అక్కడే. రీరన్ బటన్‌కి అలవాటు పడ్డ చెయ్యి నిజమైన బగ్ వచ్చినప్పుడు కూడా అదే బటన్ నొక్కుతుంది.

ప్రశ్న: ఒక ఫైల్‌కి పర్మిషన్లన్నీ తీసేసి, దాన్ని చదవబోతే ఎర్రర్ రావాలని మా టెస్ట్ చూస్తుంది. నా మెషీన్‌లో బాగానే ఉంది, డాకర్ కంటైనర్‌లో (మెషీన్‌లోనే విడిగా నడిచే చిన్న వాతావరణం) మాత్రం ఫెయిల్. ఇది కూడా ఫ్లేకీయేనా సార్? – హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

కాదమ్మా. ఫ్లేకీ అంటే అదే చోట, అదే కోడ్‌కి ఫలితం మారాలి. మీది కంటైనర్‌లో ప్రతిసారీ ఫెయిల్ అవుతోంది. కంటైనర్‌లో మీరు మామూలుగా రూట్ యూజర్‌గా (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) ఉంటారు, రూట్‌కి ఫైల్ పర్మిషన్లు అడ్డం రావు, అందుకే చదవనిస్తోంది. గ్నూ కోర్‌యుటిల్స్ (సీపీ, డేట్, సార్ట్ లాంటి కమాండ్లన్నీ ఉన్న ప్రాజెక్ట్) టెస్టుల్లో ఇలాంటి వాటి మొదట్లోనే "రూట్ అయితే ఈ టెస్ట్ వదిలెయ్" అని ఒక చిన్న ఫంక్షన్ పిలుస్తారు. మీరూ అదే చేయండి. వదిలేసినప్పుడు ఎగ్జిట్ కోడ్ 0 మాత్రం ఇవ్వకండి. ఆటోమేక్ (టెస్టులు కూడా నడిపే బిల్డ్ టూల్) పద్ధతిలో 77 అంటే "స్కిప్". 0 ఇస్తే పాస్ కింద లెక్కేస్తారు, అసలు ఆ టెస్ట్ ఎక్కడా నడవడం లేదన్న సంగతి ఎప్పటికీ బయటపడదు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను, నాతో కలిసి పనిచేసే మిత్రుడు విజయవాడలో. తేదీలు, సార్టింగ్ ఉన్న మా టెస్టులు నా దగ్గర పాస్, తన దగ్గర ఫెయిల్. కొన్నయితే నా దగ్గర కూడా నెలాఖరులోనే ఫెయిల్ అవుతున్నాయి.

మీ ప్రశ్నలో మూడు సమస్యలు కలిసి ఉన్నాయండి.

మొదటిది టైమ్ జోన్. కంప్యూటర్ లెక్కలో సున్నా సెకను అంటే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం 1970 జనవరి 1 అర్ధరాత్రి. విజయవాడలో అదే సున్నా, జనవరి 1 ఉదయం 5:30గా అచ్చవుతుంది. డాలస్‌లో డిసెంబరు 31 సాయంత్రం అవుతుంది. తేడా ఎప్పుడూ నిండు గంటల్లోనే ఉంటుందని అనుకుని రాసిన కోడ్ మన అరగంట దగ్గర బోల్తా పడుతుంది. టెస్ట్ మొదట్లోనే టీజెడ్ వేరియబుల్‌ని యూటీసీకి కట్టేయండి. అయితే ఒక్క టెస్టునైనా ప్రత్యేకంగా ఆసియా/కోల్‌కతా జోన్‌లో నడపండి, ఆ అరగంట బగ్ పట్టుకోవడానికి.

నెలాఖరు సంగతి డేట్ కమాండ్‌లో ఎప్పట్నుంచో ఉన్నదే. జులై 31న "ఒక నెల వెనక్కి" అని అడిగితే జూన్ 31 కావాలి, ఆ తేదీ లేదు కాబట్టి జులై 1 వస్తుంది. ఇది బగ్ కాదు, గ్నూ మాన్యువల్‌లోనే రాసి ఉంది, మందు కూడా అక్కడే ఉంది: ఈ నెల 15వ తేదీ నుంచి ఒక నెల వెనక్కి అడగండి. టెస్టుల్లో అసలు "ఈరోజు" అనేదే వాడకండి, తేదీని మీరే ఇవ్వండి.

మూడోది లొకేల్, అంటే భాష, ప్రాంతం సెట్టింగ్. సార్ట్ కమాండ్ ఏ అక్షరం ముందు పెట్టాలో లొకేల్‌ని చూసి నిర్ణయిస్తుంది. సీ లొకేల్‌లో (ఏ భాషా నియమాలూ లేని మూల సెట్టింగ్) ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాలన్నీ చిన్నబడి కంటే ముందు వస్తాయి, మిగతా చాలా లొకేల్స్‌లో కలిసిపోతాయి. అందుకే ఎల్‌సీ ఆల్ వేరియబుల్‌ని సీ అని పెట్టమని అందరూ చెబుతారు. నేనూ చెబుతాను, కానీ ఒక షరతుతో. డబ్ల్యూసీ కమాండ్‌కి "తెలుగు" అనే మాట ఇచ్చి అక్షరాలు లెక్కపెట్టమంటే యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనీ బైట్లుగా రాసే పద్ధతి) లొకేల్‌లో 6 అంటుంది. గుణింతం గుర్తులు కూడా విడి కోడ్‌పాయింట్లే (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి ఇచ్చిన సంఖ్య) కాబట్టి 6. సీ లొకేల్‌లో అదే ప్రశ్నకి 18 అంటుంది, ఎందుకంటే మన ప్రతి కోడ్‌పాయింట్ యూటీఎఫ్-8లో 3 బైట్లు, సీ లొకేల్‌కి బైట్లు తప్ప ఇంకేమీ తెలియవు. అన్ని టెస్టుల్నీ సీ లొకేల్‌లోకి తోసేస్తే అన్నీ పచ్చగా కనిపిస్తాయి, తెలుగు ఫైల్ పేర్ల మీద, తెలుగు వరసల మీద ఉన్న బగ్స్ మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. వాటిని మనం రిపోర్ట్ చేయకపోతే ఇంకెవరు చేస్తారండి? కాబట్టి రెండు లొకేల్స్‌లోనూ నడపండి, ఏ లొకేల్‌లో ఏ జవాబు రావాలో విడివిడిగా రాయండి.

ప్రశ్న: ఫైల్ మారితే వెంటనే చూపించే చిన్న టూల్ రాశాను, టెయిల్ లాంటిది. ఒక టెస్ట్ దాదాపు ఇరవైసార్లకు ఒకసారి ఫెయిల్ అవుతుంది. రెండు సెకన్ల స్లీప్ పెడితే తగ్గింది. దీంతో వదిలేయొచ్చా? – విశాఖ నుంచి ఒక డెవలపర్

వదలొద్దండి. తగ్గింది అంటే ఇంకా ఉందనే అర్థం. రెండు సెకన్లు మీ మెషీన్‌కి ఎక్కువ, పనిభారంతో నలుగుతున్న సర్వర్‌కి తక్కువ. ఇలాంటి స్లీప్‌లు 300 టెస్టుల్లో పెడితే 10 నిమిషాలు ఉత్తినే పోతాయి. నిద్రపోకుండా, కావాల్సింది జరిగిందా లేదా అని చూస్తూ ఉండండి. కోర్‌యుటిల్స్‌లో టెయిల్ టెస్టులు చేసేది అదే: సెకనులో పదో వంతు ఆగి చూడటం, కాకపోతే దానికి రెట్టింపు ఆగి చూడటం, అలా కొన్నిసార్లు చూసి, అప్పటికీ రాకపోతేనే ఫెయిల్ అనడం. వేగంగా ఉన్నచోట క్షణంలో అయిపోతుంది, నెమ్మదిగా ఉన్నచోట ఓపిక పడుతుంది.

అలా చేశాక కూడా ఫెయిల్ అయితే, తప్పు టెస్ట్‌ది కాదు, మీ టూల్‌దే. ఇలాంటి టూల్స్‌లో ఎక్కడ చూడాలో చెబుతాను. మీ కోడ్ ముందు ఫైల్ సైజు చూసి, ఆ తర్వాత ఐనోటిఫైతో (ఫైల్ మారితే కబురు చేసే లినక్స్ సదుపాయం) కాపలా పెడుతోందా? ఆ రెండు పనుల మధ్య సందులో ఫైల్ మారితే ఆ మార్పు మీకు ఎప్పటికీ తెలియదు. వరస మార్చండి: ముందు కాపలా, తర్వాత సైజు.

ఊహ సరైనదో కాదో తేల్చుకోవడానికి ఎస్‌ట్రేస్‌లో (సిస్టమ్ కాల్స్, అంటే ప్రోగ్రామ్ కెర్నల్‌ని అడిగే పనులు, చూపించే టూల్) ఒక చక్కటి సదుపాయం ఉంది, ఎందుకో చాలామంది వాడరు. ఇంజెక్ట్ అనే ఆప్షన్‌తో ఫలానా సిస్టమ్ కాల్ మొదలయ్యే ముందు ఇన్ని మైక్రోసెకన్లు ఆగమని చెప్పొచ్చు. ఐనోటిఫై కాపలా పెట్టే కాల్‌కి ముందు ఒక సెకను ఆలస్యం పెట్టి, ఆ సెకనులో ఫైల్ మార్చండి. ఊహ నిజమైతే ఇరవైకి ఒకసారి వచ్చే ఫెయిల్ ప్రతిసారీ వస్తుంది. ప్రతిసారీ వచ్చే బగ్ అంత మంచి బగ్ ఇంకోటి లేదు. అది కుదరకపోతే టాస్క్‌సెట్‌తో అన్నిటినీ ఒకే కోర్ మీద నడిపి చూడండి, లేదా మొజిల్లాలో పుట్టిన ఆర్‌ఆర్ డీబగ్గర్‌లో కేయాస్ మోడ్ వాడండి. అది కావాలనే థ్రెడ్ల వరస గజిబిజి చేసి, ఫెయిలైన రన్‌ని రికార్డ్ చేసి, మళ్లీ మళ్లీ అచ్చం అలాగే ఆడిస్తుంది.

సరిచేశాక "20 సార్లు నడిపాను, అన్నీ పాస్" అని సంతోషించకండి. ఇరవైకి ఒకసారి ఫెయిలయ్యే టెస్ట్, ఏమీ సరిచేయకపోయినా 20 సార్లూ పాసయ్యే అవకాశం దాదాపు 36 శాతం. ఆ అవకాశం ఒక శాతానికి దిగాలంటే 90 సార్లు నడపాలి. గిట్ బైసెక్ట్‌తో (బగ్ తెచ్చిన మార్పుని సగం సగం చేసుకుంటూ వెతికే కమాండ్) పాత కమిట్లలో, అంటే సేవ్ చేసిన మార్పుల్లో, వెతికేటప్పుడు ఈ లెక్క ఇంకా ముఖ్యం. వెయ్యి కమిట్లయితే సుమారు 10 అడుగుల్లో దొరుకుతుంది, కానీ ఒక్క అడుగులో తొందరపడి "ఇది మంచిదే" అన్నారంటే మిగతా వెతుకులాటంతా తప్పు సగంలోనే సాగి, చివరికి ఏ పాపమూ ఎరగని కమిట్ దగ్గర తేలుతుంది.

అరుదైన ఫెయిల్స్‌ని ఇంతగా పట్టుకుని వేలాడమనడానికి కారణం ఉంది. 2023 నవంబరులో ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ వాడేవాళ్లకి సీపీతో కాపీ చేసిన కొన్ని ఫైళ్లలో డేటా ఉండాల్సిన చోట సున్నాలు కనిపించాయి. మొదట్లో అనుమానం కొత్తగా వచ్చిన బ్లాక్ క్లోనింగ్ (డేటాని మళ్లీ రాయకుండా కాపీ చేసే సదుపాయం) మీదకి వెళ్లింది. తీరా చూస్తే అది చాలా పాత బగ్. అప్పుడే రాసిన ఫైల్‌లో డేటా ఎక్కడ, ఖాళీ ఎక్కడ అని ఎవరైనా అడిగితే, సరిగ్గా ఒక సన్నటి సందులో ఆ ఫైల్ సిస్టమ్ "ఇక్కడంతా ఖాళీ" అని తప్పు చెప్పేది. కొత్త కోర్‌యుటిల్స్‌లోని సీపీ ఆ ప్రశ్న ఎక్కువగా అడగడంతో బయటపడింది. 2.2.2, 2.1.14 వెర్షన్లలో సరిచేశారు. ఎవరి టెస్ట్ సర్వర్‌లోనో ఇదే ఒకసారి ఫెయిలై ఉంటే, రీరన్ కొడితే నిక్షేపంగా పాసయ్యేది.

ప్రశ్న: ఉబుంటు 25.10లో కోర్‌యుటిల్స్‌ని రస్ట్ భాషలో తిరగరాసినవి పెట్టారు కదా, వాడొచ్చా? నాకు కోడింగ్ వచ్చు కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. – నెల్లూరు

వాడొచ్చు, అప్‌డేట్లు మాత్రం పెట్టుకోండి. విడుదలైన కొత్తలో డేట్ కమాండ్‌కి ఫైల్ పేరు ఇచ్చి అది ఎప్పుడు మారిందో అడిగితే, ఆ ఆప్షన్‌ని కిమ్మనకుండా తీసుకుని ఇప్పటి టైమ్ చెప్పేది. దాంతో కొన్ని మెషీన్లలో ఆటోమేటిక్‌గా అప్‌డేట్లు వెతకడం ఆగిపోయింది. సరిచేసిన ప్యాకేజీ వెంటనే వచ్చింది. పాత ఇన్‌స్టాల్ ఉంటే ఒకసారి టెర్మినల్‌లో చేత్తో ఆప్ట్ అప్‌డేట్, అప్‌గ్రేడ్ నడపండి.

మొదలుపెట్టడానికి నిజానికి ఇదే మంచి చోటు. ఆ రస్ట్ ప్రాజెక్ట్ పేరు యుయుటిల్స్. గ్నూ వాళ్ల టెస్టులనే తెచ్చి తమ టూల్స్ మీద నడిపి, ఎన్ని పాసవుతున్నాయో లెక్క చూసుకుంటారు. ఫెయిలవుతున్న వాటిలో ఒక చిన్నది ఎంచుకోండి, గ్నూ కమాండ్ ఏం చేస్తోందో, రస్ట్‌ది ఏం చేస్తోందో పక్కపక్కన పెట్టి చూడండి. యుయుటిల్స్‌కి గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ (మీ మార్పుని కలుపుకోమనే విన్నపం) చాలు. గ్నూ కోర్‌యుటిల్స్‌కి అయితే ప్యాచ్ ఈమెయిల్‌లో వెళ్లాలి, మార్పు పెద్దదైతే కాపీరైట్ కాగితాలు కూడా అడుగుతారు. ముందు వాళ్ల హ్యాకింగ్ అనే ఫైల్ చదవండి. ప్యాచ్‌తో పాటు టెస్ట్ పంపండి, ఆ టెస్ట్ పాత కోడ్ మీద ఫెయిల్ అవుతోందని ముందు మీరే చూసుకోండి. ప్యాచ్ వెంట వచ్చే ఉత్తరంలో కెర్నల్ వెర్షన్, ఫైల్ సిస్టమ్, లొకేల్, ఎన్నిసార్లు నడిపితే ఎన్నిసార్లు ఫెయిలైందో రాయండి.